బావిని చూడని పాఠం

గట్టుకిందపల్లె, పాకాల దగ్గర
18 ఆగస్టు 2003

తిరుపతిలో ఎంబీఏ పిల్లలకు పాఠాలు రాసే ప్రసన్నకుమారి గారికి, మీ నాయనకు అక్క అయిన ఆదిలక్ష్మమ్మ రాయించేది.

మొదట క్షేమం అని రాయాలంటున్నాడు సుభాన్ బాషా. వద్దన్నాను. క్షేమం కాదు గనుక. ఈయన పాకాల రిజిస్ట్రారు ఆఫీసు ముందు నలభై ఏళ్లు దస్తావేజులు రాసినవాడు. నేను చెప్పిన మాటను పుస్తకాల భాషలోకి మార్చి రాస్తాడు. కోపాన్ని మాత్రం మార్చొద్దన్నాను.

మా బావికి ఒక చేను అవతల ధనంజయ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. రెండు సీజన్లుగా కాయలు కడిగిన నీళ్లు, మిషన్లు కడిగిన నీళ్లు నా కాలవలోకి వదులుతున్నాడు. అవి బావిలోకి ఊరాయి. బావి కల్లుకుండ వాసన కొడుతోంది. ఆ నీళ్లతో వండిన అన్నం మధ్యాహ్నానికి పులుస్తోంది. ఆ నీళ్లు పారిన పది మామిడి చెట్లు ఆకు రాల్చేశాయి. తాగడానికి రైల్వే క్వార్టర్ల కొళాయి నుంచి రోజూ రెండు బిందెలు మోసుకుంటున్నాను. నాకిప్పుడు డెబ్బై మూడు. చిత్తూరులో ఫ్యాక్టరీల కాలుష్యం చూసే ఆఫీసరుకు అర్జీ ఇచ్చాను. డిసెంబరు పన్నెండున విచారణ.

ధనంజయ ఆ అర్జీకి జవాబు దాఖలు చేశాడు. నకలు నాకూ వచ్చింది. జవాబు ఆయన రాసింది కాదు. నువ్వు రాసింది. 'వ్యాపారం - పర్యావరణ బాధ్యత' అనే కొత్త సబ్జెక్టులో మూడో పాఠం. ఇంగ్లీషు పాఠానికి ఆఫీసరు కోసం తెలుగు కూడా జత చేశారు. బాషా చదివి వినిపించాడు. 'ఈ ఫ్యాక్టరీ తన వ్యర్థజలాన్ని పరిసర రైతులకు వనరుగా మార్చింది. లబ్ధిదారులలో ఒక వృద్ధ మహిళా రైతు కూడా ఉండటం విశేషం.'

ఆ విశేషం నేనే. ఈ చుట్టుపక్కల ఇంకే ముసలిదీ చేను చేయడం లేదు.

జూన్ నెలలో నువ్వు ఫ్యాక్టరీ కారులో వచ్చావు. మా గడప ముందునుంచే కారు పోయింది. అద్దంలో నీ చెయ్యి కనబడింది. రెండు గంటల తర్వాత అదే కారు తిరిగి పోయింది. లోపల అట్టపెట్టె కూడా ఉంది. మామిడి రసం అయి ఉంటుంది. నీకోసం పెట్టిన పెసలట్లు నేనే తిన్నాను.

నాకు కావాల్సింది ఒకటే. ఆ పాఠం తప్పు అని విచారణ లోపల కాగితం మీద రాసి పంపు. నేను వేలిముద్రలు వేయడం మానుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం కింద పేరు తప్ప ఏమీ లేదు.

ఆదిలక్ష్మమ్మ

*

తిరుపతి
2 సెప్టెంబరు 2003

అత్తకు ప్రసన్న నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. పాఠంలోని రైతు నువ్వేనని నాకు తెలియదు. పాఠాల్లో అసలు పేర్లు వాడకపోవడం మా పద్ధతి. అందువల్ల ఫ్యాక్టరీవాళ్లు నాకు పేర్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఈ సబ్జెక్టు గురించి కాస్త చెప్పాలి. మా దగ్గర వ్యాపారం చదివే పిల్లలకు లాభం ఎట్లా తీయాలో నాలుగు పేపర్లలో నేర్పుతాం. ఆ లాభం పక్క చేనుకు ఏం చేస్తుందో ఒక్క పేపర్లోనూ నేర్పం. సుస్థిరత అనే మాట మన పిల్లల చెవిన పడాలని నాలుగేళ్లు కమిటీల చుట్టూ తిరిగాను. ఉన్న పుస్తకాలన్నీ పైదేశాలవి. వాటిలో నదులు మనవి కావు, చట్టాలు మనవి కావు, చలి కూడా మనది కాదు. మన జిల్లా ఉదాహరణ ఒకటి ఉంటే బాగుంటుందని ఆ ఫ్యాక్టరీ మీద పాఠం రాశాను. రైతుల సమ్మతి పత్రాలు తమ దగ్గర ఉన్నాయని మేనేజరు చెప్పారు. నమ్మాను.

ప్రస్తుతం పాఠం అచ్చులో ఉంది. వెంటనే ఉపసంహరించడంలో కొన్ని పాలనాపరమైన ఇబ్బందులు ఉన్నాయి. తదుపరి ముద్రణలో నీ అభిప్రాయాన్ని తప్పక పరిశీలిస్తాను.

ఆ రోజు సమయం లేక ఇంటికి రాలేకపోయాను. ఆరోగ్యం జాగ్రత్త.

ప్రసన్న

*

గట్టుకిందపల్లె
21 సెప్టెంబరు 2003

ప్రసన్నకుమారికి ఆదిలక్ష్మమ్మ రాయించేది.

'గారు' తీసేయించాను. నా అభిప్రాయం పరిశీలిస్తానన్నావు. నీళ్లు పులవడం నా అభిప్రాయం కాదు.

సుస్థిరత అంటే ఏమిటని బాషాను అడిగాను. రేపటివాళ్లకు కూడా మిగిలేటట్టు ఇవాళ వాడుకోవడం అన్నాడు. ఆ ముక్క పిల్లలకు నేర్పడానికి నాలుగేళ్లు కమిటీల చుట్టూ తిరిగావంటే, ఆ కమిటీలో కూర్చున్నవాళ్లు ఎట్లాంటివాళ్లో అనుకున్నాను. వాళ్లలో ఒకడు మొన్న మా ఇంటికి వచ్చాడు.

ధనంజయ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మేము మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే రాయమన్నాను. బాషాకు ఇష్టం లేదు. రాస్తున్నాడు.

"ఏమ్మా, బాగుండావా?"

"బావిలోకి తొంగి సూడు, తెలుస్తాది."

"అట్లంటే ఎట్లమ్మా? నీ మేనకోడలే రాసింది గదా, ఆ నీళ్లు సేనుకు సత్తువని."

"ఆ యమ్మ యాడ సూసింది? నీ కారులో కూసోని సూసింది."

"సూడమ్మా, ఆ సబ్జెక్టు నిలబడాలంటే కమిటీలో నా చెయ్యి లేవాల. ఫ్యాక్టరీల తరఫున నన్ను ఆడ ఏసుకోనుండారు. పిల్లోళ్లంతా అది సదివి తీరాల్సిందేనా, ఇష్టముంటే సదవచ్చా అని డిసెంబర్లో తేలుస్తారు. నువ్వు ఈ గొడవ నడిపితే పోయేది నా ఫ్యాక్టరీ గాదు. ఆ పిల్ల సబ్జెక్టు."

"పిల్లేంది? దానికి యాభై ఏండ్లు."

"నీకు పిల్లే గదమ్మా."

అది ఒక్కటే ఆయన చెప్పిన నిజం. మజ్జిగ ఇచ్చాను. తాగబోతూ, "ఈ నీళ్లు యాడివి?" అని అడిగాడు. క్వార్టర్లవి అన్నాను. అప్పుడు తాగాడు.

ధనంజయ కమిటీలో ఉన్నాడన్న సంగతి నీ ఉత్తరంలో వినబడలేదు. బాషా చదవడంలో వదిలేశాడేమోనని మళ్లీ చదివించాను. మూడోసారీ చదివించాను. లేదు. పాలనాపరమైన ఇబ్బంది అంటే ధనంజయ అని అప్పుడు అర్థమైంది. పేరు పెట్టి రాసి ఉంటే బాషాకు రెండుసార్లు చదివే పని తప్పేది.

ఆదిలక్ష్మమ్మ

*

తిరుపతి
19 అక్టోబరు 2003

అత్తకు,

ధనంజయ గారి సంగతి దాచాను. తప్పే. ఆయన ఒప్పుకోకపోతే ఈ సబ్జెక్టు సిలబస్‌లోకి వచ్చేది కాదు. పాఠాన్ని అచ్చుకు ముందు ఆయన చదివారు. రెండు వాక్యాలు మార్చమన్నారు, మార్చాను. 'విశేషం' అన్న వాక్యం ఆయనదే.

పోయిన వారం నేనే బస్సులో ఫ్యాక్టరీకి వెళ్లి సమ్మతి పత్రాలు చూపించమన్నాను. నాలుగు ఉన్నాయి. ఒకటి నీది. 2002 మార్చిలో రాసింది. మొదటి పేజీ అంతా సర్వే నంబరు, నాలుగు హద్దులు. రెండో పేజీ చివరి వాక్యం ఇది: 'సదరు భూమిలోకి ఫ్యాక్టరీ నుండి వెలువడు తొక్క, పిప్పి, టెంకలతో పాటు జలములను కూడ వదలుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదు.' కింద నీ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

ఆ కాగితం ఉన్నట్టు నువ్వు నాకు చెప్పలేదు, అత్తా. విచారణలో దాన్ని బయట పెడతారు.

ఇంకో సంగతి. ఆ పత్రం ఎవరు రాశారో కింద పేరు లేదు. కానీ ఆ చేతిరాత నాకు తెలుసు. 'క్ష' కింద తోక, 'ళ' మీద సున్నా అంత చుట్ట. నీ దగ్గర నుంచి వచ్చిన రెండు ఉత్తరాలను పక్కన పెట్టుకుని చూశాను. ఒకే చెయ్యి.

ఈ ఉత్తరం నీకు చదివేదీ ఆయనే అని తెలుసు. వేరేవాళ్ల చేత చదివించే ఏర్పాటు చేద్దామనుకున్నాను. మానుకున్నాను. బాషా మామా, పై పేరా వదలకుండా చదవండి.

ప్రసన్న

*

గట్టుకిందపల్లె
4 నవంబరు 2003

ప్రసన్నకు మేనత్త రాయించేది.

వదలకుండానే చదివాడు. 'ఆ చేతిరాత నాకు తెలుసు' దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. మళ్లీ పెట్టుకుని చివరిదాకా చదివి, ఉత్తరం మడిచి నా ముందు పెట్టాడు.

"నిజమేనా బాషా?" అన్నాను.

"నిజమే అక్కా. మేనేజరు సెప్పినాడు, నేను రాసినాను."

"నీళ్ల మాట నాకు సదివినావా?"

"సదివినాను. నువ్వే వినలా."

అది కూడా నిజమే, ప్రసన్నా. ఇన్నాళ్లూ నీకు చెప్పకుండా దాచింది ఇదే. వేలిముద్ర నేనే వేశాను. గొడ్లకు తొక్క, పిప్పి కావాలని నేనే అడిగాను. ఊరికే ఇస్తామన్నారు, కాగితం కావాలన్నారు. బాషా చదువుతుంటే హద్దులు విన్నాను. తూర్పు మునిరత్నం చేను, పడమర బండిదారి, దక్షిణం వంక, ఉత్తరం శాంతయ్య మామిడితోపు. నా పెళ్లప్పటి నుంచి ఎన్ని కాగితాలకు ముద్ర వేశానో, అన్నింటిలోనూ మోసం జరిగితే హద్దుల్లోనే జరిగింది. ఈ ఊళ్లో ఎవరైనా అంతే వింటారు. నాలుగు హద్దులూ సరిగ్గా పలికాయి. నా మనసు లేచి గొడ్ల దగ్గరికి పోయింది. మిగిలింది ఈయన చదువుతూనే ఉన్నాడు.

నువ్వు చేసింది కూడా అదే. సమ్మతి పత్రాలున్నాయని వినగానే లేచిపోయావు. నాకు చదువు లేదు. నీకేమైంది?

ఇంక ఈ ఉత్తరాలు రాయలేనని బాషా కలం మూసేశాడు. "ఆ కాయితం రాసిన సెయ్యే ఇదీ రాయాల. తెరువు," అన్నాను. తెరిచాడు. కింద నాలుగు ముక్కలు తనవిగా రాసుకుంటానన్నాడు. సరే అన్నాను. ఏం రాశాడో చదివి వినిపించమన్నాను. వినిపించాడు. అందులో హద్దులు లేవు.

*అమ్మా ప్రసన్నకుమారీ, సుభాన్ బాషా అను నేను నా ఇష్టపూర్వకంగా రాస్తున్నది. నీళ్ల వాక్యాన్ని మేనేజరు పత్రం మధ్యలో పెట్టమన్నాడు. చివర పెట్టింది నేను. హద్దుల తర్వాత ఎవరూ వినరని నలభై ఏళ్ల అనుభవం. అది తప్పని తెలుసు గనుకే రాసినవాడిగా నా పేరు వేయలేదు. విచారణకు వచ్చి ఈ మాట చెబుతాను.*

మళ్లీ నేను. పన్నెండో తేదీకి బాషా వస్తున్నాడు. నువ్వు?

*

తిరుపతి
14 నవంబరు 2003
(పోస్టుకార్డు)

అత్తకు,

వస్తాను. అదే రోజు మూడు గంటలకు ఇక్కడ కమిటీ. ధనంజయ గారు చెప్పిన కమిటీయే. పొద్దున పదకొండు గంటలకు చిత్తూరులో చెప్పాల్సింది చెప్పి బస్సెక్కుతాను. తీర్పు నాకు రాయించు.

ప్రసన్న

*

గట్టుకిందపల్లె
15 డిసెంబరు 2003

ప్రసన్నా,

నువ్వు బస్సుకు పోయిన తర్వాత జరిగింది రాయిస్తున్నాను.

నువ్వు లేచి, "ఆ పాఠం రాసింది నేను, బావి చూడకుండా రాశాను," అన్నప్పుడు ఆఫీసరు రాసుకోవడం ఆపి నీ వైపు చూశాడు గదా. నువ్వు గడప దాటగానే పక్కన గుమాస్తాతో అన్నాడు, "పాతికేండ్ల సర్వీసులో పుస్తకం రాసినోళ్లు తప్పు రాసినామనడం ఇదే వినడం." గుమాస్తా ఆ మాట కూడా రాయబోయాడు. వద్దన్నాడు.

తర్వాత ధనంజయ వకీలు నా వేలిముద్ర కాగితం తీశాడు.

"ఈ ముద్ర నీదేనా అమ్మా?"

"నాదే."

"మరి అభ్యంతరం లేదని ముద్రేసి, ఇప్పుడు అర్జీ ఎట్లా ఇస్తివి?"

"అప్పుడు లేదు. ఇప్పుడుండాది. బావి సెడినాక పుట్టింది."

బాషా లేచాడు. ఆ కాగితం తనే రాశానని, ఆ వాక్యం ఎక్కడ పెట్టాడో, ఎందుకు పెట్టాడో చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు. మేనేజరు నేల చూశాడు. ధనంజయ గోడ గడియారం చూశాడు. నేను ధనంజయను చూశాను.

బావి నీళ్లు పరీక్ష చేయించిన రిపోర్టు అప్పటికే ఆఫీసరు దగ్గర ఉందంట. మనం మాట్లాడిందంతా విని, ఆఖరున అది తీశాడు. ముందే తీసి ఉంటే నీకు బస్సు ఖర్చు మిగిలేది. కానీ నువ్వు రావడం నాకు బాగుంది.

ఉత్తర్వు ఇది. తొట్లు కట్టి, నీళ్లు శుద్ధి చేసి, అవి పనిచేస్తున్నాయని చూపించేదాకా వచ్చే సీజన్లో ఫ్యాక్టరీ మొదలుపెట్టకూడదు. నా కాలవలోకి చుక్క వదలకూడదు. నా బావిని ఫ్యాక్టరీ ఖర్చుతో మూడుసార్లు తోడి, పూడిక తీయాలి. పోయిన చెట్ల సంగతి వేరే అర్జీలో చూస్తారంట. అది కూడా బాషానే రాస్తాడు.

బయట ధనంజయ నా దగ్గరికి వచ్చాడు. "నీ మేనకోడలు ఇప్పుడు ఆడ కమిటీలో ఏమని కూసుంటాది?" అన్నాడు.

"నువ్వు లేకుండా కూసుంటాది. నువ్వు ఈడుండావు గదా," అన్నాను.

ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. కారు గబగబా పోయింది. నీకన్నా ముందు చేరాడో లేదో రాయి.

ఆదిలక్ష్మమ్మ

*

తిరుపతి
11 ఏప్రిల్ 2004

అత్తకు,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టు. ఇష్టమైనన్ని తిట్టు.

ధనంజయ గారు నాకన్నా ముందే చేరారు. ఆయనది కారు. స్థానిక పరిశ్రమల సహకారం లేని సబ్జెక్టును అందరి మీదా రుద్దడం బాగుండదని కమిటీ తేల్చింది. ఇష్టమున్నవాళ్లు చదవొచ్చు. అరవై మందిలో పదకొండు మందికి ఇష్టం కలిగింది. పాత పాఠం తీసేశాను. దాని బదులు నీ ఉత్తరాలు, నావి, బాషా మామ రాసిన నాలుగు ముక్కలు కలిపి పాఠంగా ఇచ్చాను. నిన్నడగకుండా ఇచ్చాను. మేనేజరు రాయించిన సమ్మతి పత్రం కూడా కలిపాను, హద్దులతో సహా. క్లాసులో చదివితే పదకొండు మందిలో ఏడుగురు ఆ వాక్యం దగ్గర కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. లెక్కపెట్టాను.

క్లాసులో పెట్టే చిన్న పరీక్షకు ఇరవై మార్కులు నా చేతిలో ఉంటాయి. ఈసారి నీ చేతిలో పెడుతున్నాను. ప్రశ్న ఇది: 'ఆ ఫ్యాక్టరీ మేనేజరు స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?' తెలుగులో రాయమన్నాను. ఇద్దరికి తెలుగు రాయడం రాదు. పక్కవాళ్లకు చెప్పి రాయించుకున్నారు. నీలాగే.

పదకొండు పేపర్లు జత చేశాను. దయ చూపించొద్దు.

ప్రసన్న

*

గట్టుకిందపల్లె
13 జూన్ 2004

నా తల్లి ప్రసన్నకు మేనత్త ఆశీర్వదించి రాయించేది.

పేపర్లు విన్నాను. చివరి వాక్యం దాకా విన్నాను. రోజుకు ఒకటి, కొన్ని రోజులు చెట్ల అర్జీ పనిలో పోయాయి. అందుకే ఆలస్యం.

ప్రతాప్ అనేవాడు, రైతుకు నష్టపరిహారం ఇచ్చి రసీదు తీసుకుంటానని మొదటి పేజీలోనే తేల్చేశాడు. మిగిలిన మూడు పేజీలు రసీదులో ఏముండాలో రాశాడు. వీడికి నాలుగు. ధనంజయ దగ్గర ఉద్యోగం దొరుకుతుంది, భయపడొద్దని చెప్పు.

గిరిప్రసాద్ నన్ను మహాతల్లి అన్నాడు, భూదేవి అన్నాడు. పేజీన్నర నన్నే పొగిడాడు. బావి ఊసు లేదు. మూడు. బాషా ఐదు వేయమన్నాడు, భాష బాగుందని. వేయలేదు.

ఆరుగురు తొట్టి కడతామన్నారు. ఎక్కడ, ఎంత లోతు, నిండితే ఏం చేయాలి అన్నది ఇద్దరే రాశారు. ఆ ఇద్దరికి పదమూడు, మిగిలిన నలుగురికి ఎనిమిది. ఇంకో ఇద్దరివి ఒకేలా ఉన్నాయి. చెప్పి రాయించుకున్నవాడు, రాసిపెట్టినవాడు అయి ఉంటారు. ఇద్దరికీ కలిపి పది. పంచుకోమను.

నవీన అనే పిల్ల అరపేజీ రాసింది. 'నేనైతే కాలవ వెంబడి నడిచి, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తాను. చూసినది యజమానికి చెబుతాను. ఆ తర్వాత నేను మేనేజరుగా ఉంటానో లేదో తెలియదు. బావి ఇప్పుడు ఎట్లా ఉందో పాఠంలో ఎక్కడా లేదు. ఎవరైనా చెప్పగలరా?' అంతే. ఆమెకు పద్దెనిమిది. రెండు మార్కులు నేను కోసింది ఎందుకంటే, అక్షరాలు కుదురుగా లేవని బాషా అంటున్నాడు. ఆ విషయంలో ఆయన మాట తీసేయలేను.

ఆ పిల్ల ప్రశ్నకు జవాబు రాయిస్తున్నాను. బావి మూడుసార్లు తోడారు. అడుగున మోకాటి లోతు జిగట వచ్చింది. తొట్లు కట్టారు. ఫ్యాక్టరీ పోయిన వారం మొదలైంది. రోజూ పొద్దున్నే పోయి కాలవ చూస్తున్నాను. పొడిగానే ఉంది. బావిలో ఊట పడింది, రంగు తేరింది. వాసన ఉందో, నా ముక్కులోనే మిగిలిందో తెలియడం లేదు. నిన్న తోడి పోస్తే ఆ నీళ్లకు ఆవు మూతి పెట్టింది. నేనింకా పెట్టలేదు.

ఆదిలక్ష్మమ్మ